అణాల్లో మార్కులు: అఫ్జల్‌గంజ్‌లో వైన్ రుచి చూసిన రోజులు

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను మింగిన వైన్ ఒక్క గ్లాసుకు మించదు. ఉమ్మిన వైన్ మాత్రం పోగు చేస్తే మూసీకి చిన్న వరద వచ్చేది. ఈ మాట చెబితే మా కార్వాన్ బస్తీలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "సారా దుకాణంల కొలువు జేసినోడు తాగకుంట ఉంటడా" అని నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. నేను చేసింది సారా దుకాణంలో కొలువు కాదు. సీమ నుంచి, అంటే పై దేశాల నుంచి, వచ్చిన వైన్లను రుచి చూసి, ఇది మంచిది, ఇది కాదు అని తేల్చే పని. అప్పట్లో హైదరాబాద్ మొత్తంలో ఆ పని తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో నేనొకణ్ణి. ఈ ముక్క రాయడానికి నాకు సిగ్గేమీ లేదు, గర్వంగానే ఉంది.

ఇప్పుడు పెద్ద హోటళ్లలో ఈ పనికి చదువులు కూడా వచ్చాయట. కోటు వేసుకుని, టై కట్టుకుని గ్లాసు తిప్పుతారట. చాలా సంతోషం. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. గ్లాసు ఎలా తిప్పాలో వాళ్లకు ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పదలచుకున్నది వేరు.

పాల ఇంటి నాలుక

మాది పాల వ్యాపారం. కొట్టం నిండా బర్రెలు. బాపు పిండిన పాలు నేను ఇళ్లకు పోసి వచ్చేవాణ్ణి. పాలు నోట్లో వేసుకుంటే అవి ఏ బర్రెవో, నిన్న అది పచ్చిగడ్డి తిన్నదో పత్తిగింజలు తిన్నదో చెప్పేవాణ్ణి. ఇందులో నా గొప్పేమీ లేదు. కొట్టంలో పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం తెలియకపోతే వాణ్ణి బర్రెలు కూడా గౌరవించవు.

నేను పాలు పోసే ఇళ్లలో ఒక పార్సీ సేఠ్ ఇల్లు ఉండేది. ఆయనకు అఫ్జల్‌గంజ్‌లో సీమ వైన్ల దుకాణం. తండ్రి పెట్టిన దుకాణం అది. ఒకరోజు ఆయన వంటవాడు నా మీదికి వచ్చాడు. పాలు వాసన కొడుతున్నాయని ఒకటే లొల్లి. నేను వేలు ముంచి నాలుక మీద వేసుకుని అన్నాను: "పాలు మంచిగనే ఉన్నయ్ భాయ్. గిన్నెదే తప్పు. నిన్న గిండ్ల చేపలు పెట్టిన్రు, మంచిగ తోమలే."

లోపల్నుంచి సేఠ్ పెద్దగా నవ్వడం వినిపించింది. మర్నాడు దుకాణానికి రమ్మన్నాడు. నల్లా నీళ్లు, బావి నీళ్లు, కుండ నీళ్లు మూడు గ్లాసుల్లో పోసి, ఏది ఏదో చెప్పమన్నాడు. చెప్పాను. "రేపట్నుంచి వచ్చెయ్ మల్లేశం" అన్నాడు. సేఠ్ మాట్లాడేది ఉర్దూ. ఆయన మాటలన్నీ ఇక్కడ నా తెలుగులోనే రాస్తున్నాను. తిట్టేటప్పుడు మాత్రం ఆయనకు తెలుగు ధారాళంగా వచ్చేది.

ఇంట్లో అమ్మ ఏడ్చినంత పని చేసింది. "పాలు అమ్ముకునే ఇంట్ల పుట్టి, గా పాడు నీళ్లు నోట్లె వోసుకుంటవా బిడ్డా?"

"మింగడట గదనే, ఉమ్మేస్తడట" అన్నాడు బాపు. "ఉమ్మేసెటందుకు గూడ జీతమిచ్చెటోడు దొరికిండు. పోనియ్యి."

ముందు వదులుకోవాల్సినవి

ఈ పనిలో నేర్చుకునేది తర్వాత. వదులుకునేది ముందు. జర్దా పాన్ వదులుకున్నాను. పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి సాయంత్రం దాకా ముట్టేవాణ్ణి కాదు. అత్తరు పూర్తిగా మానేశాను. మన పాతబస్తీలో ఇది ఎంత కష్టమో బయటివాళ్లకు అర్థం కాదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు పాన్ చేతిలో పెడతారు, చొక్కా మీద అత్తరు పూస్తారు. వద్దంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది. నేను పాన్ తీసుకుని, దండం పెట్టి, జేబులో వేసుకునేవాణ్ణి. అత్తరు సీసా కనిపిస్తే రెండడుగులు వెనక్కి జరిగేవాణ్ణి. "వీనికి మస్తు నఖరాలు" అని చుట్టాలు చెప్పుకునేవారు. చెప్పుకుంటే చెప్పుకున్నారు. నాలుక నాది, అన్నం పెట్టేది అదే.

సేఠ్ మార్కులు అణాల్లో వేసేవాడు. పదహారణాలకు ఎన్ని అణాలు అని. ఎనిమిదికి తక్కువైతే అమ్మకానికి పెట్టేవాడు కాదు. పది అంటే పర్వాలేదు, పన్నెండు అంటే బాగుంది, పద్నాలుగు అంటే ఆ రోజు ఇంటికి కొంచెం తొందరగా పొమ్మనేవాడు. పదహారు మాత్రం ఆయన ఎన్నడూ ఇవ్వలేదు, నన్నూ ఇవ్వనివ్వలేదు. "పదహారణాల వైన్ ఉంటె అది ఖుదా దగ్గరుంటది. మనకు రాదు" అనేవాడు. ఇంకో మాట కూడా ఉండేది: నోట్లో పోసుకోనిదానికి మార్కు వేయొద్దు. ఎవరో పెద్దమనిషి చెప్పాడని, సీసా మీద పేరు ఉందని మార్కు వేసినవాడు ఈ పనికి పనికిరాడు. ఇప్పటి పిల్లలకు కూడా నేను ఇదే చెబుతాను.

షేర్వానీ చేతులు

సీసా మీద పేరు చూడకుండా రుచి చూడాలి కదా. దానికి సేఠ్ తన పాత షేర్వానీల చేతులు కత్తిరించి సీసాలకు తొడిగేవాడు. మెడ మాత్రమే పైకి కనిపించేది. బల్ల మీద వరుసగా నిలబెడితే ఏదో దర్బారులో ముసుగు పెద్దమనుషులు నిలబడ్డట్టు ఉండేది. గ్లాసు ఎత్తి, రంగు చూసి, వాసన పట్టి, నోట్లో తిప్పి, ఇత్తడి ఉమ్మితొట్టిలో ఉమ్మి, ఏ దేశమో చెప్పాలి.

నాకు సీమ దేశాలు తెలియవు. ఫ్రాన్స్ ఎటువైపు ఉందో ఇవాళ్టికీ సరిగ్గా చెప్పలేను. కాని బోర్డో ఎర్ర వైన్ చివర్లో నాలుకను పట్టుకుంటుందని, కరక్కాయ నమిలినట్టు ఉంటుందని తెలుసు. బర్గండీ పట్టుకోదు, జారిపోతూ వాసన వదిలిపోతుంది. జర్మనీ తెల్ల వైన్ పలచగా మొదలై పుల్లగా తేలుతుంది. స్పెయిన్ షెర్రీలో వేయించిన పల్లీల వాసన వస్తుంది. పోర్చుగల్ పోర్ట్ తియ్యగా, చిక్కగా, ఖర్జూరం నానబెట్టినట్టు ఉంటుంది. దానికి పదమూడణాలు ఇవ్వడం నాకు అలవాటు.

ప్రపంచ యుద్ధం వచ్చి ఫ్రాన్స్ సరుకు ఆగిపోయాక ఆస్ట్రేలియా ఎర్ర వైన్ మొదలైంది. దాన్ని చూసి అందరూ ముక్కు విరిచేవారు. నయాపూల్ దగ్గర కచ్చేరీలో పనిచేసే ఒక వకీలు సాబ్ మా దుకాణానికి వచ్చేవాడు. తనకు తెలియని వైన్ లేదని ఆయన నమ్మకం. ఒకరోజు సేఠ్ రెండు ముసుగు సీసాలు పెట్టాడు. వకీలు సాబ్ రుచి చూసి, మొదటిది ఫ్రాన్సు, రెండోది గుర్రాలకు తాగించేది అన్నాడు. ముసుగులు తీస్తే మొదటిదే ఆస్ట్రేలియా. నేను దానికి అప్పటికే పన్నెండణాలు ఇచ్చి ఉన్నాను, ఫ్రాన్స్ దానికి ఎనిమిది. వకీలు సాబ్ నెల రోజులు మా గడప తొక్కలేదు. తర్వాత వచ్చి, ఎవరూ లేనప్పుడు, "గుర్రాలది కాదు, ఆ మొదటి సీసా ఇయ్యి" అన్నాడు. ఓడిపోయి కూడా మళ్లీ వచ్చాడు కాబట్టి ఆయన మీద నాకు గౌరవమే.

చిన్నవాడు ముందు చెప్పాలి

మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరం రుచి చూసేవాళ్లం కాని ముందు నోరు విప్పేది నేనే. సేఠ్ తర్వాత చెప్పేవాడు. కొత్తలో ఇది నన్ను ఇరికించడానికి అనుకున్నాను. తర్వాత అర్థమైంది. పెద్దాయన ముందు మాట్లాడితే చిన్నవాడి నాలుక కూడా అదే రుచి చెబుతుంది. భయం అలాంటిది. నేను తర్వాత ఎందరో పైవాళ్లను చూశాను. వాళ్లలో చాలామందికి ఈ ఒక్క సంగతి తెలియదు. అందరికంటే ముందు తాము చెప్పేసి, తర్వాత "మీరేమంటరు" అని అడుగుతారు. అడగడం ఎందుకు?

ఈ పద్ధతి విలువ నాకు ఒక దేవిడీలో, అంటే నవాబుల భవంతిలో, తెలిసింది. అసలు ఈ కాగితాలు ముందేసుకున్నది ఆ కథ చెప్పడానికే.

ఇసుకలో నిలబడ్డ సీసాలు

నయాపూల్ దాటి లోపలికి వెళితే ఒక జాగీర్దారు గారి దేవిడీ ఉండేది. పెద్ద నవాబు పోయాక కొడుకు గద్దె మీద కూర్చున్నాడు. యుద్ధం వల్ల ఫ్రాన్స్ నుంచి ఓడలు లేవు, కొత్త సరుకు లేదు. విందుకు పెద్దవాళ్లను పిలిచి, తండ్రి దాచిన సీసాలు తీయించాడు. మొదటి గుక్కకే అందరూ గ్లాసులు కింద పెట్టేశారట. ఒకాయన నవ్వాడట కూడా. ఆ నవ్వు చిన్న నవాబుకు గుండెల్లో గుచ్చుకుంది.

సీసాలున్న తహ్‌ఖానా, అంటే నేలమాళిగ, తాళంచెవి ఒక్కరి నడుముకే ఉండేది. ఆయన గౌస్ మియా, ఆ ఇంటి ఆబ్దార్. మంచినీళ్లు, షర్బత్‌లు, వైన్లు అన్నీ చల్లగా ఉంచి అందించే పని ఆబ్దార్‌ది. తెల్ల గడ్డం, వంగిన నడుము. జాగీరు ఊళ్లో పుట్టినవాడు, తెలుగు మనలాగే మాట్లాడేవాడు. ఆయన ఇల్లూ వాకిలీ ఆ దేవిడీ ఆవరణలోనే.

సీసాలు రుచి చూడమని నవాబు పిలిపిస్తే సేఠ్, నేను వెళ్లేసరికి వరండాలో కొత్వాలీ పోలీసు జవాను కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"సేఠ్ సాబ్, వీడు అసలు సరుకు అమ్ముకొని సీసాలల్ల సిర్కా పోసి పెట్టిండు" అన్నాడు చిన్న నవాబు. సిర్కా అంటే వెనిగర్. "మీరు ఒక్క మాట చెప్పుండ్రి. గా జవాను గందుకే కూసున్నడు."

గౌస్ మియా చేతులు కట్టుకుని అన్నాడు: "నేను తియ్యలే హుజూర్. గంతకంటె చెప్పెటందుకు నాకు చాతకాదు. గండ్ల ఏముండెనో, ఇప్పుడేమున్నదో నాకెరుకలేదు. నేను ఎన్నడు నోట పెట్టలే."

నమాజు తప్పని మనిషి. జీవితమంతా పోసి ఇచ్చాడు, చుక్క ముట్టలేదు. సీసాలో ఉన్నది ఏమిటో చెప్పి తనను తాను కాపాడుకునే దారి కూడా ఆయనకు లేదు.

తహ్‌ఖానాలోకి దిగి చూశాను. చల్లగా, శుభ్రంగా ఉంది. కిటికీలకు వట్టివేళ్ల తడికలు. పొడుగాటి మట్టితొట్లలో తడి ఇసుక, ఆ ఇసుకలో మెడల దాకా పాతుకుని వరుసగా నిలబడ్డ సీసాలు. పొద్దున, సాయంత్రం ఆయన ఇసుకకు నీళ్లు చిలకరించేవాడు. ఆ తడికి చీటీలన్నీ ఎప్పుడో కుళ్లిపోయాయి. ఏది ఏ దేశమో ఎవరికీ తెలియదు. గౌస్ మియాకు మాత్రం వేరే గుర్తులున్నాయి. "గీ వరుస పెద్ద హుజూర్ పెండ్లినాటిది. గది పెద్ద బేగం సాబ్ హజ్‌కు పోయొచ్చిన ఏడు వొచ్చింది" అని చూపించాడు.

పైన బల్ల మీద వరుసకొకటి చొప్పున సీసాలు తెరిచాం. మొదటిది నోట్లో పోసుకున్నాను. గొంతు కోసుకుపోయే పులుపు. ముసలాయన పని అయిపోయిందనుకున్నాను, మనసు చివుక్కుమంది. రెండోదీ పులుపే. మూడోదీ పులుపే. సేఠ్ కూడా రుచి చూసి తల దించుకుని కూర్చున్నాడు.

"చెప్పుండ్రి సేఠ్ సాబ్" అన్నాడు నవాబు.

"మా దగ్గర చిన్నోడు ముందు చెప్తడు హుజూర్" అన్నాడు సేఠ్.

నేను నోరు కడుక్కుని మూడూ మళ్లీ చూశాను. అప్పుడు తెలిసింది. అది పులుపే కాని ఒకే పులుపు కాదు. మా ఇంట్లో ఏ బర్రె పాలకు ఆ బర్రె పెరుగు వేరుగా పెట్టుకుంటే, అన్నీ పులిసినా ఏ చట్టిలోది ఏ బర్రెదో అమ్మ ఇట్టే చెప్పేది. ఇక్కడా అంతే. పెళ్లినాటి వరుసలో, పులుపు కింద, బర్గండీ వాసన ఇంకా సన్నగా ఉంది. హజ్ నాటి వరుసలో బోర్డో నాలుకను పట్టుకుంటూనే ఉంది. కిటికీ కింది వరుసలోని తెల్లదానిలో జర్మనీ పలచదనం పోలేదు.

"హుజూర్, ఇది బయటి సిర్కా కాదు" అన్నాను. "దొంగతనం జేసినోడు ఒక్క పీపా తెచ్చి అన్నిట్ల అదే పోస్తడు. అన్ని ఒక్కతీర్గ ఉంటయ్. గివి ఏ సీసాకు ఆ సీసానే పులిసినయ్. ఎవ్వరు మార్చలే. లోపట ఉన్నది లోపట్నే పాడైంది."

ఇంకో వరుస తెప్పించాను. అది పోర్ట్. బలమైన వైన్, తొందరగా పాడవదు. తియ్యగా, నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది. "అమ్ముకునేటోడైతె ముందు దీన్ని ముడుతుండె హుజూర్. బజార్ల దీనికే గిరాకి ఎక్కువ. గిది ఎట్లున్నది గట్లనే ఉన్నది."

సేఠ్ మూడు సీసాలూ మళ్లీ రుచి చూశాడు. చాలా సేపు చూశాడు. జవాను చాయ్ కప్పు పట్టుకుని గడప దాకా వచ్చి నిలబడ్డాడు. "పోరడు చెప్పింది నిజం" అన్నాడు సేఠ్ చివరికి.

గౌస్ మియా కళ్లు తుడుచుకున్నాడు. కాని నవాబు వదల్లేదు. "మరి ఎవరు పాడు జేసిన్రు?"

నాకు జవాబు తెలుసు. కాని ముసలాయన నా వైపే చూస్తున్నాడు, దేవుణ్ణి చూసినట్టు. తీసిన బిరడాలను సేఠ్ వైపు జరిపాను. సేఠ్ ఒక బిరడా తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఎండిన రొట్టెలా పొడిపొడిగా రాలింది.

"వైన్ సీసాను అడ్డంగ పండబెట్టాలె హుజూర్. బిరడా లోపల్నుంచి తడుస్తుంటేనే బిగుసుకొని ఉంటది. నిలబెడితె ఎండిపోతది, గాలి దూరుతది."

గౌస్ మియా నెమ్మదిగా అన్నాడు: "గడ్డిపెట్టెలల్ల పండుకోనే వొస్తుండె. నేనే లేపి నిలవెట్టిన. పండుకున్న సీసా ఒలుకుతదని." ఆయన తప్పు పట్టడానికి ఏముంది? గులాబ్ నీళ్లు, షర్బత్, ఆ ఇంట్లో అన్ని సీసాలూ ఇసుకలో నిలబడే బతికాయి. ఆబ్దార్ అన్నవాడు పడి ఉన్న సీసాను చూస్తే లేపుతాడు.

అప్పుడు సేఠ్ లేచి నిలబడ్డాడు. "ఈ సీసాలు అమ్మింది మా నాయన. పండబెట్టుమని ఆయన చెప్పలే. నేను ఇన్నిసార్లు ఈ గడపకొచ్చిన, ఒక్కనాడు తహ్‌ఖానాల తొంగిచూడలే. తప్పు మా దుకాణానిది హుజూర్. ఈ పెద్దమనిషిది కాదు."

జవాను వెళ్లిపోయాడు. గౌస్ మియా ఇల్లు నిలబడింది. ఆ దేవిడీ వాళ్లు మాత్రం మళ్లీ మా దుకాణంలో ఒక్క సీసా కొనలేదు. సేఠ్ దాని గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషి దగ్గర పని చేశానని నేను నలుగురిలో చెప్పుకుంటాను.

ఆబ్దార్ అడిగింది

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం గౌస్ మియా దుకాణానికి వచ్చాడు. లోపలికి రాలేదు. వాసన అంటుతుందని బయట మెట్టు మీదే కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"బేటా, ఒక్కటి అడుగుత. గిన్నేండ్లు కాసిన. అవి పాడుగాక ముందు ఎట్లుండెనో చెప్తవా? నేను ముట్ట, నీకెరుకే. నోటితోని చెప్పు, వింట."

నా జీవితంలో ఎందరో నవాబులు, దొరలు నన్ను వైన్ గురించి అడిగారు. ఇంత శ్రద్ధగా ఎవరూ అడగలేదు. నేను వరుస వరుసగా చెప్పాను. "హజ్ నాటి వరుస ఉన్నది సూడు చాచా, అది బోర్డో. తాగినంక నాలుక గట్టిగ పట్టుకుంటది, తొందరగ ఇడువది. కిటికీ కింది తెల్లవి జర్మనీవి. కొత్త కుండల నీళ్లల్ల జామకాయ కోసి ఏసినట్టుంటయ్." ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

"పెండ్లినాటిది?"

"గది బర్గండీ. వాన పడ్డంక నేరేడు చెట్టు కింద నిలబడితె రాలిన పండ్ల వాసన, తడి మన్ను వాసన కలిసి వొస్తది సూడు, గట్ల మొదలైతది. నోట్ల బరువే ఉండది. మింగినంక అయిపోయిందనుకుంటం. గప్పుడు మల్ల వొస్తది."

చాచా కళ్లు తెరిచాడు. తర్వాత అడిగాడు: "మీ దుకాణంల అణాల లెక్కన చెప్తరంట గదా. గా పెండ్లినాటి దానికి ఎన్ని?"

నోట్లో పోసుకోనిదానికి మార్కు వేయొద్దని పైన రాశాను. పదహారు దేనికీ ఇవ్వొద్దన్నదీ రాశాను. ఆ వైన్‌ను మంచిగా ఉన్నప్పుడు నేను రుచి చూడలేదు. నేను చూసేసరికి అది సిర్కా.

"పదహారు చాచా" అన్నాను.

లోపల బల్ల దగ్గర సేఠ్ తలెత్తి నా వైపు చూశాడు. నా మార్కు తప్పైతే అక్కడికక్కడే, తెలుగులో, దిద్దే మనిషి ఆయన. ఆ రోజు దిద్దలేదు. షేర్వానీ చేతిని ఇంకో సీసాకు తొడుగుతూ కూర్చున్నాడు.

గౌస్ మియా మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు, రుమాలు భుజాన వేసుకున్నాడు.

"గట్లయితె నేను కాసింది మంచి సరుకే" అన్నాడు. అని నయాపూల్ వైపు నడిచి వెళ్లిపోయాడు.